మంద పట్టేంత జాగ

మా తాత గొర్లను తోలుకొని పడమటికి మంజీర ఒడ్డు దాకా పోయేవాడు. మా నాయన పడమటికే, బొంబాయి దాకా పోయాడు. నేను ఇంకా పడమటికి, సముద్రం దాటి దుబాయ్ పోయాను. నేనున్నది అబుదాబిలో. అయినా మా దిక్కు గల్ఫంతా దుబాయే. అక్కడితో పడమర ఒడిసిపోయిందనుకున్నాను. ఒడిసిపోలేదు. రెండువేల ఇరవై రెండులో, వినాయకచవితి వెళ్ళిన వారానికి, ముసఫ్ఫా క్యాంపులో ఉన్న మా పదకొండు మందిని పెట్టెలతో సహా బస్సెక్కించి ఇంకా పడమటికి తోలారు. మా ఇంటామె లింగవ్వ దొడ్డిలో ఇప్పుడున్న పద్దెనిమిది గొర్లు ఎట్లా వచ్చాయని ఎవరైనా అడిగితే, నేను ఆ బస్సు దగ్గరి నుంచే మొదలుపెడతాను.

రువైస్ దాటేదాకా కిటికీలోంచి పైపులు, పొగగొట్టాలు కనిపించాయి. తర్వాత ఒక్క పెట్రోల్ బంకు వచ్చింది. ఆ తర్వాత ఇసుకే.

"అయిపాయె. ఇంక ఛాయ్ హోటల్ గూడ లేదు," అన్నాడు రత్నాకర్. జగిత్యాల దిక్కు మనిషి, మా వెల్డరు. ముప్పై ఏళ్ళుంటాయి, నోరు మాత్రం ఊరుకోదు.

నాకొక అలవాటుంది. మాట తక్కువే గానీ, ఎవరు ఎక్కడికి కొత్తగా పోయినా ఎందుకు పోయారని అడగకుండా ఉండలేను. అయిదో తరగతిలో సారును అడిగి దెబ్బలు తిన్నాను. వాస్కోడిగామా ఇంట్లో ఎవలతోని కొట్లాడి వచ్చిండు సార్, అని. ఆ బస్సులో రత్నాకర్‌ను అడిగాను.

"మా ఊళ్ళె నా ఈడోళ్ళందరు దుబాయ్ పోయిండ్రే. క్రికెట్ ఆడుదామంటె బాల్ ఏసెటోడు లేడు. ఒక్కన్ని ఉండి ఏం జెయ్యాలె?" అన్నాడు.

ముందు సీట్లో మా ఫోర్‌మన్ జగన్మోహనరావు కూర్చున్నాడు. అందరం రావు సాబ్ అంటాం. ఆయనది మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యాంపు. నిజాంసాగర్ కాలువ పారినప్పుడు కృష్ణా నుంచి, గుంటూరు నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను మేము క్యాంపులంటాం. డెబ్బై ఎనభై ఏళ్ళు గడిచినా అవి మా నోట్లో ఊళ్ళు కాలేదు. వాళ్ళ మాట కూడా ఇంకా ఆ దిక్కుదే.

"సాబ్, మీ తాత ఎందుకొచ్చిండు మా దిక్కు?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "ఎందుకేంటయ్యా? భూమి కోసం. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పదెకరాలొచ్చేది. ఖాళీగా పడున్న భూమి."

"ఖాళీగనా?"

"ఖాళీగానే. తుప్పలూ, రాళ్ళూ." కిటికీలోంచి బయటికి చెయ్యి చూపించాడు. "ఇదిగో, ఇట్టా."

నేను బయటికి చూశాను.

మమ్మల్ని దింపిన జాగ మూడు కిలోమీటర్ల పొడవు, అర కిలోమీటరు వెడల్పు. గాలికి ఇసుక వచ్చి హైవే మీద పడకుండా అక్కడ అడవి పెంచాలి. చుట్టూ జాలీ కంచె, లోపల ఆరు వేల మొక్కలు. సగం ఇప్పుడు, సగం డిసెంబరులో నాటాలి. జనవరి ఆఖరుకు ముదీర్, అంటే పెద్ద మేనేజరు, వచ్చి లెక్కపెడతాడు. నూటికి ఎనభై బతకాలి. బతకకపోతే కాంట్రాక్టు పోతుంది, మా పదకొండు మంది వీసాలు క్యాన్సిల్ అవుతాయి. ఇది రావు సాబ్ మొదటిరోజే చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పాడు. కంచెకు ఒకటే గేటు, అది హైవే దిక్కు. కాగితంలో ఉన్నదానికి ఒక్క మేకు ఎక్కువ కొట్టినా, ఒక్క మేకు తక్కువ కొట్టినా ముదీర్ ఊరుకోడు.

బస్సు దిగగానే అందరూ ఫోన్లెత్తి సిగ్నల్ చూశారు. నేను కిందికి చూశాను. ఇసుకలో డెక్కల జాడలున్నాయి. ఒకటి రెండు కాదు, ఒకదాని మీద ఒకటి పడి పడి నేల గట్టిబడిన బాట. ఉత్తరం నుంచి వచ్చి మా జాగను అడ్డంగా కోసి, మధ్యలో ఉన్న ఒక పాత బావి దగ్గర ఆగింది. మేం కురుమోళ్ళం. మనిషి ముఖం మరిచిపోతామేమో గానీ గొర్రె కాలు మరిచిపోము.

కాగితంలో బావి లేదు, బాటా లేదు. రాయి వేసి చూశాను. చాలాసేపటికి 'గుబుక్'మంది.

కంచె వేయడానికి నెల పట్టింది. ఆఖరి జాలీ బిగించిన రోజు దసరా. ఆ రోజే నర్సరీ బండి మొక్కలు తెచ్చి దింపింది. ట్రేలలో జానెడు జానెడు మొక్కలు. వాటిని ఇక్కడ ఘాఫ్ అంటారు. నేను ఒక ఆకు తెంపి వేళ్ళతో నలిపి వాసన చూశాను.

"రత్నాకర్, ఇది జమ్మి."

"నీ తల్కాయె."

"గొర్లకు ఏసినోన్ని నాకు తెల్వదా? జమ్మే."

పదకొండు మందికీ తలా రెండాకులు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాం. దసరా నాడు జమ్మి ఆకును మేం బంగారమంటాం, రావు సాబ్ చేతిలో కూడా ఆ బంగారం పెట్టాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని బొత్తాం పెట్టాడు.

"జమ్మికి ఊరి పొలిమేర దాటాలె గద. మనం దాటుకుంట దాటుకుంట ఏడికొచ్చినమో సూడుండ్రి," అన్నాడు రత్నాకర్.

"సాబ్, మీ తాత భూమికే వచ్చిండా?" అన్నాను.

"నువ్వు వదలవా?" ఆయన నవ్వాడు. "అన్నదమ్ములతో పడక వచ్చాడని మా పెదనాన్న అనేవాడు. గట్టు తగాదా. చాలా?"

బస్సులో చెప్పింది ఒకటి, ఇది ఇంకొకటి. నేను రెండూ దాచుకున్నాను.

నెలంతా దూరపు మేతకు పోయిన మంద ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. తొంభై దాకా గొర్లు, మేకలు. ఎప్పుడూ వచ్చే బాటనే వచ్చి కొత్త జాలీ దగ్గర నిలబడ్డాయి. ముందున్న ముసలి గొర్రె మూతితో జాలీని తాకి చూసి, రెండడుగులు పక్కకు జరిగి, మళ్ళీ తాకింది. వాటి వెనక తెల్లగడ్డం ముసలాయన వచ్చాడు. పేరు షాదాద్. మక్రాన్ బలోచీ. ఒక స్థానిక అర్బాబు, అంటే యజమాని, మందను ఇరవై ఆరేళ్ళుగా కాస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఆయన జాలీ పట్టుకొని అటూ ఇటూ చూసి నన్నడిగాడు. "భాయ్, రాస్తా కిధర్ గయా?"

బాట ఎటు పోయిందని.

నేను రావు సాబ్ దిక్కు చూశాను. రావు సాబ్ హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. ఆర్డర్ అట్లా ఉంది, మా చేతిలో ఏం లేదు, హైవే గేటు దిక్కు రండి, అని. హైవే అంచున పశువులు కనిపిస్తే అర్బాబుకు జరిమానా అన్నాడు షాదాద్. అయితే ఇంకో బావి చూసుకోండి అన్నాడు రావు సాబ్. ఇంకో బావి పద్నాలుగు కిలోమీటర్లు.

షాదాద్ కోపం చేసుకోలేదు. మందను వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది. నీళ్ళ వాసన తగిలిన గొర్రె అంత తొందరగా తిరగదు.

మర్నాటి నుంచి సాయంత్రాలు నేను బావిలో బొక్కెన వేసి చేది, క్యాన్లలో నింపి, మూడొందల గజాలు మోసుకుపోయి, జాలీ కింది నుంచి ఒక పైపు ముక్క దూర్చి అవతల రేకు తొట్టిలో పోసేవాణ్ణి. డ్రిప్పు నీళ్ళకు మీటరుంది, అవి ముట్టుకోవడానికి లేదు. పది క్యాన్లు మోసినా తొంభై మూతులకు ఏం ఆనుతుంది? పిల్లలకు, ఈనిన తల్లులకు పోసి మిగతావాటిని షాదాద్ కర్రతో ఆపేవాడు. నాలుగు రోజులకొకసారి అర్బాబు టాంకరు పంపేవాడు.

ఒకరోజు జాలీకి అటు ఆయన, ఇటు నేను కూర్చున్నాం.

"చాచా, నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?" అని అడిగాను, హిందీలో.

"మా దిక్కు ఏడేళ్ళు వాన పడలేదు. మంద పోయింది. నాకు మంద తప్ప ఇంకో పని రాదు. మంద ఉన్నచోటికొచ్చాను." కర్రతో ఇసుకలో ఒక గీత గీశాడు. "అర్బాబు రోజూ అంటున్నాడు, టాంకరు నీళ్ళతో ఎన్నాళ్ళు? మందను మండీకి తోలి అమ్మేస్తా, నువ్వు ఇంటికి పో, అని. రంజాన్ దాకా చూస్తానన్నాడు."

ఆ వారమే లింగవ్వ ఫోనులో వాయిస్ పెట్టింది.

"ఓ అయ్యా, ఇనవడుతుందా? మన ఎకరంనరకు కంచె ఏపిచ్చిన. ముండ్లతీగ, నాలుగు వరుసలు. రాతి కడీలు క్యాంపుల తెచ్చినం. తీగ గుంజుడు నిన్ననే అయింది. బీరయ్య గొర్లు తోలుకొని అచ్చి నిలవడ్డడు. వదినే, వాగుకెట్ల పోవాలె, బాట ఏదే అన్నడు. సుట్టు తిరిగి పో అన్న. మూతి ముడుసుకున్నడు. ముడుసుకోనియ్యి. రేపు ఫోటో పెడ్త."

బీరయ్య నా చిన్నాయన కొడుకు. మా వంశంలో ఇంకా గొర్లు కాస్తున్నది అతనొక్కడే. ఆ ఎకరంనర క్యాంపులో ఒకాయన అమ్ముకొని హైదరాబాదు పోతుంటే మేం కొన్నది. కంచె ఏపియ్యమని పోయిన ఏడు లింగవ్వకు చెప్పింది నేనే.

ఆ వాయిస్ మూడుసార్లు విన్నాను.

నవంబరులో మొక్కలు మాడడం మొదలైంది. ఇసుకలో ఏం సత్తువ ఉంటుంది? డ్రిప్పు నీళ్ళలో ఉప్పు. పాదులో పోసిన నీళ్ళు మూరెడు కిందికి దిగిపోయి, పైన తెల్లని పొర మిగిలేది. డిసెంబరు మొదటి వారం షమాల్ గాలి వచ్చింది. మూడు రోజులు వాయవ్యం మూల నుంచి కొట్టింది. మా ఊళ్ళో ఇల్లు కట్టేటప్పుడు వాయవ్యమంటే వాయుదేవుని మూల అంటారు. ఆ మూల నుంచి గట్టి గాలి రావడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇక్కడ చూశాను.

గాలి ఆగాక లెక్కపెట్టాం. నాటిన మూడు వేలలో పదమూడొందలు ఎండిపోయాయి. రావు సాబ్ పుస్తకం మూసి బావి గోడ మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళు అన్నానికి పోయారు. మధ్యాహ్నం ఎండ, చలికాలమే గనక కూర్చోగలిగినంత.

"నీళ్ళ కోసమయ్యా," అన్నాడు ఆయనే, నేను అడగకుండానే. "కాలువ నీళ్ళు. అందుకొచ్చాడు మా తాత. నీళ్ళుంటే ఏదైనా పండుద్ది అనేవాడు. ఇక్కడ నీళ్ళున్నాయి, ఏమీ పండట్లేదు."

ఇది మూడో కారణం.

నేను పార తీసుకొని బావి పక్కన నేలలో దించాను. ఒక పెళ్ళ పెకిలించి ఆయన చేతిలో పెట్టాను. నల్లగా, తేలికగా ఉంది.

"ఏంటిది?"

"పెంటిక. గొర్రె పెంటిక. అడుగున్నర లోతుంది. బావి సుట్టూరంగ యాబై గజాలు ఇదే. నెల కింద పాదులు తవ్వుతుంటె సూసిన."

"అయితే?"

"ఖాళీ కాదు సాబ్ ఈ జాగ."

ఆయన పెళ్ళను వేళ్ళతో విరిచాడు. నేను చెప్పాల్సింది ఇంకా ఉంది. నాకు మాట తొందరగా రాదు. బొక్కెన తాడు చుట్ట చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాను.

"మీ క్యాంపు తూము కాడ గూడ గిట్లనే ఉండెనట. మీవోళ్ళు మొదటి నాగలి పెడితె భూమి నల్లగ లేచిందట. ఎరువెయ్యకుంట మూడేండ్లు పండిందట. అది మా తాత మంద పండుకున్న జాగ సాబ్. రెండొందల గొర్లు. బాట బందయినంక నాలుగేండ్లల్ల అన్ని అమ్ముకున్నడు."

మూడేళ్ళు కలిసి పనిచేశాం. ఒకే పళ్ళెంలో తిన్నాం. ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. అనడానికి ఆ రోజు కూడా కోపమేమీ లేదు.

రావు సాబ్ చాలాసేపు పెళ్ళను నలుపుతూనే ఉన్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మంద పెడదాం."

ఆయనకు తెలుసు. రైతు తన చేనులో గొర్ల మందను పడుకోబెట్టించుకుంటాడు. ఒక్కో రోజు ఒక్కో మడి. పొద్దున లేచేసరికి మడి నిండా ఎరువు. బదులుగా కురుమాయనకు గింజలు, నీళ్ళు, అన్నం. మా పెద్దలకూ వాళ్ళ దిక్కు రైతులకూ అదొక్కటే ఒప్పందం, కాగితం లేనిది.

"చాచా మంద సాయంత్రం బాటన లోపటికి వస్తది. బావి కాడ నీళ్ళు తాగుతది. ఇంకా నాటని సగం జాగల, పాదుల మీద పండుకుంటది. రోజుకో దిక్కు జరుపుతం. తెల్లారంగ బయటికి పోతది. నాటిన సగానికి ఈ బావికాడి పాత ఎరువు ఎత్తి పోద్దాం."

"గొర్రెలు మొక్కలు తినవూ?"

"కురుమోని ముంగట ఆ మాట అంటవా సాబ్? వల కడ్త."

"మేకలో?"

"మేకల మూతికి చిక్కం కడ్త. నేనే అల్లుతా, తాడుంది గద."

"కంచె కొయ్యాలి."

"కొయ్యాలె."

"ముదీర్ చూస్తే నన్ను క్యాన్సిల్ కొట్టి పంపిస్తాడు. నిన్ను కూడా. మొక్కలు చస్తే కాంట్రాక్టు పోద్ది. కంచె కోస్తే ఉద్యోగం పోద్ది." ఆయన లేచాడు. బావిలోకి తొంగి చూశాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"మా తాత ముందు ఒక్కడే వచ్చాడంటయ్యా, భూమి చూట్టానికి. బోధన్లో బండి దిగి నడిచాడు. దార్లో చలిజ్వరం తగిలింది. వారం రోజులు తుప్పల్లో పడి ఉంటే ఒక గొర్రెలాయన గొంగడి కప్పి, పాలు తాగించి బతికించాడంట. ఇంటికెళ్ళి మావాళ్ళతో ఏమన్నాడో తెలుసా? అంతా ఖాళీ భూమి, రండి, అన్నాడు. మా నాయనమ్మ అడిగేది. ఖాళీ భూమిలో నీకీ గొంగడి ఎవరిచ్చారు, అని. చచ్చేదాకా అడిగింది. ఆయన ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు."

గాలి లేదు. దూరంగా హైవే మీద లారీల చప్పుడు వినిపిస్తోంది.

"ఆ గొంగడి నా చిన్నప్పటి దాకా ఉంది. వడ్లు నానబోసి మొలకల కోసం మండె కట్టినప్పుడు పైన కప్పేవాళ్ళు," అన్నాడు.

"అంచు ఏ రంగుండె సాబ్?"

"గుర్తు లేదు." అప్పుడు నా దిక్కు తిరిగాడు. "అందర్నీ అడుగుతావు. నువ్వెందుకొచ్చావు?"

"తాత బాట బందయితె నాయిన ఇంకో బాటన పోయిండు. నేను ఆయన ఎనుక."

అది సగమే నిజం. మిగతా సగం నేనెవరికీ చెప్పలేదు. దిబ్బ కనబడితే దాని అవతల ఏముందో చూడబుద్ధి అవుతుంది. మందను తోలేవాళ్ళకు అదొక రోగం. ఆకలి తీరినా కాలు ఆగదు.

రావు సాబ్ చేతులు దులుపుకున్నాడు. "డీజిల్ అయిపోవచ్చింది. గయాతీ దాకా వెళ్ళొస్తాను. నాలుగింటికి వస్తా." పికప్ దిక్కు నడిచి, తలుపు తీసి, సీటు కిందినుంచి కటింగ్ ప్లయర్ తీసి బానెట్ మీద పెట్టాడు. పెట్టినట్టు చూసుకోకుండా పెట్టాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు దాన్ని తీసి, కింద ఇసుకలో వదిలేసి బండి ఎక్కాడు.

నాలుగింటికి ఆయన వచ్చేసరికి రెండు కడీల మధ్య జాలీని చుట్ట చుట్టి పక్కకు కట్టేశాను. మంద లోపల ఉంది. ముసలి గొర్రె తొట్టిలోంచి తల ఎత్తడం లేదు. ఈసారి తొట్టి బావి పక్కనే ఉంది. షాదాద్ బొక్కెన చేదుతూ ఏదో పాడుతున్నాడు. రత్నాకర్ ఒక మేకను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, నేనల్లిన చిక్కం కట్టలేక నాతో తిట్లు తింటున్నాడు.

"దీనికన్న మా మ్యాడంకు మాస్కు కట్టుడు అల్కగ ఉంటుండె," అన్నాడు. వాడు కరోనా ఏడాది ఒక ఇంట్లో డ్రైవరు.

రావు సాబ్ డీజిల్ డబ్బాలు దింపించాడు. కంచె దిక్కు చూడలేదు. ఇంత పెద్ద వల ఎక్కడ దొరికింది అని మాత్రం అడిగాడు.

ఆ రోజే లింగవ్వకు వాయిస్ పెట్టాను. బీరయ్యకు బాట విడువు, అని. ఆమె జవాబు వెంటనే వచ్చింది.

"కంచె ఏపియ్యమన్నది ఎవలు? నేనా? నువ్వు ఇసుకల కాలుకుంట కొన్న భూమిల మందోళ్ళ గొర్లు నడువాల్నా? ఊళ్ళె నవ్వరా? ఏమైంది నీకు, ఎండ దెబ్బ తాకిందా?"

పరాయోళ్ళు కాదు, మనోళ్ళే, అన్నాను. తాత సంగతి చెప్పాను, షాదాద్ సంగతి చెప్పాను. నా జన్మలో అంత పొడుగు వాయిస్ పెట్టలేదు. ఆమె విన్నదని గుర్తు పడింది. మాట మాత్రం రాలేదు. వారం రాలేదు, నెల రాలేదు. స్వర్ణ, మా బిడ్డ, బోధన్ హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టింది. నాయినా, అమ్మ పొద్దుందాక చేన్ల కడీల కాడనే కూసుంటుంది, ఏమైంది, అని.

నలభై దినాలు మంద పెట్టాం. పొద్దున మంద పోయాక మేం పాదులు తిరగేసేవాళ్ళం. మంద జరిగిన పాదుల్లో రెండో సగం మొక్కలు నాటుకుంటూ పోయాం, తొలి సగంలో మాడిన చోట మళ్ళీ నాటాం. ఇసుక చేతికి అంటుకోవడం మొదలైంది. పాదులో పోసిన నీళ్ళు సాయంత్రం దాకా తడిగా నిలిచాయి. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒక మొక్కకు కొత్త చిగురు చూశాను. ఎవరికీ చెప్పకుండా రావు సాబ్‌ను చెయ్యి పట్టి తీసుకుపోయి చూపించాను. ఆయన వంగి, చూసి, లేచి, ఇంకో మొక్క దగ్గరికి పోయాడు.

జనవరి ఇరవై ఎనిమిదిన ముదీర్ వచ్చాడు. మిస్రీ, అంటే ఈజిప్టు ఆయన, లావుపాటి మనిషి, మాట తక్కువ. ముగ్గురు మనుషుల్ని పెట్టి పొద్దుటి నుంచి లెక్కపెట్టించాడు. నూటికి ఎనభై మూడు. రత్నాకర్ గాల్లోకి చెయ్యి విసిరాడు. అప్పుడే ముదీర్ నడుచుకుంటూ ఉత్తరం దిక్కు పోయి కంచె దగ్గర ఆగాడు. మేమంతా వెనకే ఉన్నాం. విప్పిన జాలీ చుట్ట కడీకి కట్టి ఉంది. బాట నున్నగా, తాజా డెక్కలతో, ఆయన బూట్ల ముందు నుంచి లోపలికి పోతోంది.

"ఎవరు కోశారు?" అన్నాడు అరబ్బీలో.

నేను ఒక్క అడుగు ముందుకు వేశాను.

"అనా," అన్నాడు రావు సాబ్. నేనే, అని.

ప్లయర్ పట్టింది నేను. ఆయనకు తెలుసు. పదకొండు మందికీ తెలుసు.

ముదీర్ ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. బూటుకు అంటుకున్న పెంటికను కడీకి రాసి, దాన్నీ చూశాడు. మొక్కల దిక్కు తిరిగి అన్నాడు.

"వచ్చేసారికి ఇక్కడ కంచె అన్నా ఉండాలి, గేటన్నా ఉండాలి. ఈ కన్నం ఉండకూడదు. ఖలాస్."

అంతే. బండెక్కి పోయాడు. రావు సాబ్‌కు వార్నింగ్ లెటర్ మాత్రం తర్వాతి వారం వచ్చింది. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టాడు. దసరా నాటి జమ్మి ఆకు పొడి అయి ఆ కాగితానికి అంటుకుంది.

"అమ్మని అడిగాను. గొంగడికి తెల్ల అంచంట," అన్నాడు నాతో.

"అట్లనా," అన్నాను. మా నాయనమ్మ తెల్ల అంచే నేసేది. ఆ తాలూకాలో సగం మంది కురుమోళ్ళు తెల్ల అంచే నేస్తారు. ఆ మాట ఆయనకు చెప్పాలో వద్దో తెలియలేదు. చెప్పలేదు.

గేటు మిగిలిన పైపులతో రత్నాకర్ వెల్డింగ్ చేశాడు. బిగించిన రోజు షాదాద్ ఖర్జూరాలు తెచ్చాడు. మందను మండీకి తోలే మాట అర్బాబు మళ్ళీ ఎత్తలేదని చెప్పాడు. మంద లోపలికి పోయింది, తాగింది, బయటికి వచ్చింది. అప్పుడు నా జేబులో ఫోను మోగింది. లింగవ్వ వాయిస్. దాదాపు రెండు నెలల తర్వాత.

ముందు గొర్ల అరుపులు వినిపించాయి. తర్వాత ఆమె గొంతు, ఎవరినో అదిలిస్తున్నట్టు.

"అగో, జర ఆగరాదు బీరయ్యా, మాట్లాడనియ్యి. ఓ అయ్యా. బీరయ్య మన చేన్ల నాలుగు దినాలు మంద పెడ్తడట. పోంగ రెండు ఆడ గొర్రెపిల్లల్ని ఇడిసిపోతడట, సాదుకో వదినే అంటుండు. నాకు గొర్ల పని ఏం తెలుసు? తర్వాత సూద్దాం. ఇప్పుడు కడీలు పీకుతున్నం. ఎంత జాగ ఇడువాలె? జెప్పన చెప్పు, మనుషులు నిలవడ్డరు."

రత్నాకర్ దగ్గర టేపు తీసుకొని మా గేటు కొలిచాను. ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను.

"పదకొండు అడుగులు," అన్నాను.

పంపించాక గేటు దిక్కు చూశాను. ఆఖరున ఒక పిల్ల తల్లి పక్కనుంచి దూరబోయి కడీకి కొట్టుకొని, వెనక్కి వచ్చి, తల్లి పోయాక పోయింది. ఇంకో వాయిస్ పెట్టాను.

"పన్నెండు ఇడువు. పిల్లలు తల్లుల పక్కపొంటి నడుస్తయి."